గుండీలు లేని స్వెటర్

వెనక తలుపు పక్కన మేకుకి స్వెటర్ లేదు.

ఓరెస్ట్ చెయ్యి అలవాటుగా అక్కడికి వెళ్ళి ఉత్త గోడకి తగిలింది. కంటి ఆపరేషన్ చేయించుకుని రాత్రే పట్నం నుంచి ఇల్లు చేరాడు. కొత్తగా తేటపడ్డ చూపుకి గోడ బాగా కనిపిస్తోంది. చుట్టూ రంగు వెలిసిపోయి, స్వెటర్ వేలాడిన మేర మాత్రం పాత ఆకుపచ్చ అలాగే ఉంది.

"స్వెటర్ ఏదీ?" అన్నాడు.

వంటింట్లో లోర్నా పెనం మీద పెరోగీలు, బంగాళాదుంప కూరిన కజ్జికాయల్లాంటివి, తిరగేస్తోంది. అవి తెచ్చింది టిల్లీ, లోర్నాకి పిన్ని. ఉల్లిపాయలు మాడుతున్నాయని బల్ల దగ్గర కూర్చునే లోర్నాకి పాఠం చెబుతోంది.

"ఏ స్వెటర్ నాన్నా?"

"గోధుమ రంగుది."

"ఓ, అదా! కుక్కపిల్లల్ని అమ్మే వెర్నా దగ్గరుంది." లోర్నా నవ్వుతూ వెనక్కి తిరిగింది. "కుక్కపిల్లలకి మనింటి వాసన ముందే అలవాటవ్వాలని, రోజూ ఒంటికి తగిలే పాత బట్ట ఏదైనా పంపమంది కదా. నువ్వేమో ఊళ్ళో లేవు. నీ స్వెటర్ కంటే పాతది ఇంట్లో ఇంకేముంది?"

ఓరెస్ట్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

టిల్లీ చేతిలోని ఫోర్కు బల్ల మీద పెట్టింది. "ఏమేవ్, ఆ చేతులకి అతుకులేసినదా?"

"అవును పిన్నీ. నాన్న స్వెటరే."

"మీ నాన్న ఒంటి మీద దాన్ని నువ్వెప్పుడైనా చూశావా?"

"రోజూ బయటికి వెళ్తూ పట్టుకుంటాడుగా."

"పట్టుకుంటాడు. తొడుక్కుంటాడా?"

లోర్నా చేతిలో గరిటె ఆగింది. పెనం మీద ఉల్లిపాయలు నిజంగానే మాడాయి.

"అది మా అక్కదే పిచ్చిదానా. కొన్నది మీ నాన్నయితే అయ్యుండొచ్చు. తొడుక్కున్నది మా అక్క. కోళ్ళకి దాణా వేసినా, తోటలో సోయకూర కోసినా అదే ఒంటి మీద. నువ్వు రెజీనా నగరానికి పంతులమ్మ ఉద్యోగానికి వెళ్ళాకే దాన్ని పెట్టెలోంచి తీసింది, నీకెలా తెలుస్తుందిలే. ఆసుపత్రికి తీసుకెళ్ళిన పొద్దున ఆ మేకుకి తగిలించి వెళ్ళింది. ఆ తరవాత ఎవరూ..."

"టిల్లీ," అన్నాడు ఓరెస్ట్.

"చెప్పనీ బావా. నువ్వు చెప్పవు. నీ నోట్లోంచి మాట రావాలంటే గొడ్డుకి పురుడు పోసినట్టు లాగాలి. చెప్పేవాళ్ళెవరో ఒకరుండాలిగా ఇంట్లో."

ఓరెస్ట్ కిటికీలోంచి కోళ్ళ గూటి వైపు చూశాడు. మంచు కరిగి గూటి చుట్టూ బురద. భార్య నెటీ పోయాక ఆ స్వెటర్‌ని ఆయన ఉతకనివ్వలేదు. వాసన అరిగిపోతుందేమోనని దాన్ని కూడా పొదుపుగా వాడుకున్నాడు. మామూలు రోజుల్లో చేత్తో తాకడమే. ఆదివారం పొద్దున మాత్రం ఒక్కసారి మొహానికి ఆనించుకునేవాడు. దాణా పొడి, సోయకూర, ఆమె చేతులకి రాసుకునే గులాబీల క్రీము.

"నాన్నా, నాకు తెలీదు."

"పద. తెచ్చుకుందాం."

"ఎలాగూ ఇవాళ కుక్కపిల్లని తెచ్చుకునే రోజే కదా. రెండూ ఒకేసారి..."

"కుక్క వద్దు. స్వెటర్ కావాలి."

"అదేంటి నాన్నా! వెర్నా మన కోసం ఆడ కుక్కపిల్లని ఆపింది. అచ్చం మన పాత పంపూ రంగే. పరుపు కొన్నాను, గిన్నెలు కొన్నాను. మెట్ల కింద సందు మూయమని నెలరోజుల్నించి మొత్తుకుంటున్నాను, అదీ మూయలేదు నువ్వు. నువ్వు పట్నంలో ఉన్నప్పుడు వెర్నా అంత దూరం నుంచి వచ్చి బురదలో బోర్లా పడుకుని మరీ చూసి చెప్పి వెళ్ళింది, ఆ సందులోంచి పిల్ల దూరిపోతుంది, నక్కలు తిరిగే చోటు అని."

"కుక్క నాది కాదు. సందు నేనెందుకు మూయాలి?"

టిల్లీ లేచి పెనం దించింది. "తిని వెళ్ళండి ఇద్దరూ. ఖాళీ కడుపుతో పోట్లాడితే మాటలు గట్టిగా తగుల్తాయి."

ఎవరూ తినలేదు.

*

పికప్ ఓరెస్ట్‌దే అయినా, కళ్ళకి మందు వేస్తున్నందున లోర్నా నడిపింది. రోడ్డుకి రెండు వైపులా కాలవల్లో మంచునీళ్ళు నిండి, వాటి మీద బాతులు తేలుతున్నాయి.

"పంపూని తెచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు," అంది లోర్నా. "గుర్తుందా నాన్నా?"

గుర్తుంది. పంపూష్కా. వెల్లుల్లి రాసిన బన్నులా గుండ్రంగా ఉంటుందని నెటీ పెట్టిన పేరు. కానీ తెచ్చినరోజు గుండ్రంగా లేదు. ఎవరో అమ్ముతున్నారని వెళితే, కొట్టంలో బోను మీద బోను పేర్చి ఉంది. తల్లిని చూపించమంటే ఆ మనిషి తల్లి పొలానికెళ్ళిందన్నాడు. నెటీ ఇంకో మాట మాట్లాడకుండా కింది బోనులోంచి ఒకదాన్ని తీసి కోటు లోపల పెట్టుకుని వచ్చేసింది. బొచ్చు ఉండలు కట్టింది. మోకాలి చిప్పలు జారిపోయేవి. బతికినంత కాలం మూడు కాళ్ళ మీదే ఎక్కువ నడిచింది. ఆ మూడు కాళ్ళతోనే ట్రాక్టరు ఎక్కి కూర్చునేది, పొలమంతా తనే దున్నినట్టు.

నెటీ పోయిన మరుసటి వసంతంలో అదీ పోయింది.

"అందుకే వెర్నాని వెతికాను," అంది లోర్నా. "తల్లిని చూపిస్తుంది. తల్లి మోకాళ్ళు, గుండె, కళ్ళు డాక్టరు చూశాకే ఈత పెట్టిస్తుంది. ఏడాదికి ఒక్క ఈతే. మనం ఎప్పుడైనా పెంచలేకపోతే తన దగ్గరికే తెచ్చెయ్యమంటుంది. నీకు మంచి చేద్దామనే కదా నాన్నా నేను..."

"తెలుసు."

బండి మూతపడిన ఎత్తైన ధాన్యపు గిడ్డంగిని దాటింది. దాని పక్కనే పాత డ్యాన్స్ హాలు, కిటికీలకి చెక్కలు కొట్టి ఉంది. ఓరెస్ట్ తల తిప్పి, కనుమరుగయ్యేదాకా చూశాడు. ఆ స్వెటర్ మొదటిసారి వేసుకున్నది అక్కడే. సహకార దుకాణంలో కొన్న కొత్త స్వెటర్. ఒక పోల్కా డ్యాన్సుకి లేవమని నెటీని అడిగే ధైర్యం దానివల్లే వచ్చింది. బయట వాన. ఇంటికెళ్ళేటప్పుడు ఆమె చలికి వణుకుతుంటే విప్పి ఇచ్చాడు. రేపు ఇచ్చేస్తానంది.

ఇవ్వలేదు. స్వెటర్‌తో పాటే కాపరానికి వచ్చింది.

*

"బూట్లు అక్కడ. చేతులు ఇక్కడ," అంది వెర్నా లిండ్‌క్విస్ట్, తలుపు తీస్తూనే, సబ్బు చూపించి.

పొట్టి మనిషి, నెరిసిన జడ, ఏప్రన్ నిండా బొచ్చు. కుక్కలకి వేరే కొట్టం లేదు ఆ ఇంట్లో. వంటగదిలోనే, పొయ్యికి దగ్గర్లో, చెక్కలతో కట్టిన దడి. పిల్లలు మనుషుల చప్పుడుకి బెదరకూడదని రేడియో మోగుతోంది.

"నా స్వెటర్ ఇవ్వండమ్మా, వెళ్ళిపోతాను," అన్నాడు ఓరెస్ట్.

"ఇస్తాను. ముందు చేతులు కడుక్కోండి."

కడుక్కున్నాడు. దడి దగ్గరికి వెళ్ళి వంగాడు. స్వెటర్ మీద తల్లి కుక్క సిగ్రిడ్ పడుకుని ఉంది. దాని మెడ మీద ఎక్కి రెండు నారింజరంగు పిల్లలు ఒకదాని చెవి ఒకటి లాక్కుంటున్నాయి. ఓరెస్ట్ స్వెటర్ అంచు పట్టుకుని తిరగేశాడు. చెయ్యి ఆగిపోయింది.

"గుండీలేవీ?"

"కోసేశాను."

"ఎవరు కొయ్యమన్నారు?"

ఆ గొంతుకి సిగ్రిడ్ గుర్రుమంది. తండ్రి అంత గట్టిగా మాట్లాడటం విని ఎన్నాళ్ళయిందో, లోర్నా గోడకి ఆనుకుంది.

"పిల్లలు మింగితే గొంతుకి అడ్డం పడతాయి," అంది వెర్నా నెమ్మదిగా. "ఎవరి బట్ట వచ్చినా ముందు గుండీలు కోస్తాను, జేబులు దులుపుతాను."

ఓరెస్ట్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంచుని మొహం దగ్గరికి తీసుకున్నాడు. ఇవాళ ఆదివారం కాదు. పాలు, రంపపు పొట్టు, కుక్కపిల్లల పొట్టల వెచ్చదనం. ఇంకోసారి పీల్చాడు. ఇంకే వాసనా లేదు.

లోర్నా కిటికీ వైపు తిరిగిపోయింది. రేడియోలో ఎవరో గోధుమల ధర చెబుతున్నారు. వెర్నా దాన్ని ఆపేసింది.

"ఏమైంది?"

లోర్నా చెప్పింది. తడబడుతూ, అటు తిరిగే, అంతా చెప్పింది.

వెర్నా స్టూలు లాక్కుని కూర్చుంది. "ముందే తెలిస్తే నేను దాన్ని ముట్టుకునేదాన్నే కాదు," అంది ఓరెస్ట్‌తో. తరవాత లోర్నాని చూసింది. "మీ నాన్నకి కుక్క కావాలని కదమ్మా నువ్వు నాకు చెప్పింది?"

"కావాలి. ఆ సంగతి ఆయనకి తెలీదు, అంతే."

"అంటే ఆయన సరేనన్లేదు."

లోర్నా కిటికీ అంచు మీది దుమ్ము వేలితో తుడిచింది.

"నా దగ్గర ఒకటే పట్టింపు. ఇంట్లో ఉన్న ప్రతి మనిషీ ఊ అనాలి. ఒక్కరు కాదన్నా పిల్ల నా గడప దాటదు. బహుమతిగా ఇస్తామంటే అసలే ఇవ్వను. కాలెండరు, మేజోళ్ళు ఇవ్వండి బహుమతిగా. ఇది పదిహేనేళ్ళు బతికేది."

"వెర్నా గారూ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆయన ఎవరితోనూ మాట్లాడడు. కోళ్ళతో కూడా మాట్లాడడు. నేను బడి నుంచి వచ్చేసరికి పొద్దున వదిలిన కుర్చీలోనే ఉంటాడు."

"నేనిక్కడే ఉన్నాను," అన్నాడు ఓరెస్ట్.

"ఉన్నావు నాన్నా. అదే చెబుతున్నాను. ఉన్నావు, అంతే."

వెర్నా లేచి అలమరలోంచి ఒక చిన్న జామ్ సీసా తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "జేబుల్లో ఉన్నవీ, గుండీలూ. పారెయ్యబుద్ధి కాలేదు. ఒక గుండీ వేరే రంగుదుంది, ఎవరో నీలం దారంతో కుట్టుకున్నారు."

ఓరెస్ట్ మూత తిప్పాడు. గుండీల మధ్యన చిటికెడు సోయకూర విత్తనాలు. నెటీ ప్రతి శరత్కాలం జేబులో వేసుకుని మరిచిపోయేవి. మూత తీయగానే వాసన గుప్పుమంది.

వెంటనే మూత పెట్టేశాడు. గట్టిగా బిగించాడు.

"స్వెటర్ తీసుకెళ్ళండి," అంది వెర్నా. "సిగ్రిడ్‌కి వేరే గుడ్డ వేస్తాను."

ఆమె తల్లిని ఎత్తుకుంది. నారింజ పిల్లలు రెండూ తల్లి వెంట దొర్లాయి. ఓరెస్ట్ స్వెటర్ అందుకుని లేపబోయాడు. ఒక చెయ్యి లేవలేదు. ఆ స్వెటర్ చేతిలో ఏదో బరువు.

మణికట్టు దగ్గరి నుంచి ఒక నల్లటి ముక్కు బయటికి వచ్చింది. ఆవలించింది. మళ్ళీ లోపలికి పోయింది.

"వీడెవడు?"

"వాడా? మూడోవాడు. నల్లోడు. పేరు పెట్టలేదు, పెడితే నాకు వదలబుద్ధి కాదు. ఆ స్వెటర్ వచ్చిన పూట నుంచి ఆ చేతిలోనే కాపరం. మిగతావాళ్ళు గంతులేస్తుంటే వీడు సొరంగంలో పడుకుని చూస్తుంటాడు. పాలకి తప్ప బయటికి రాడు."

ఓరెస్ట్ స్వెటర్ కింద పెట్టాడు. వేలు మణికట్టు లోపలికి పెట్టాడు. లోపలి నుంచి ఏదో తడిగా తగిలింది. ఆయన అలాగే ఉండిపోయాడు.

"వీడు," అన్నాడు చివరికి.

లోర్నా గిరుక్కున తిరిగింది. "ఏంటి నాన్నా?"

"నారింజది వద్దు. వీడు."

లోర్నా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "చూశారా వెర్నా గారూ! ఊ అన్నాడు. నేను చెప్పలేదూ?"

వెర్నా నవ్వలేదు. సిగ్రిడ్‌ని దించి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"వాణ్ణి అమ్మను."

"ఎందుకని?"

"టీకాలకి తీసుకెళితే డాక్టరమ్మ గుండె విని, ఇంకోసారి వింది. కొట్టుకునేటప్పుడు సన్నగా ఊదినట్టు చప్పుడొస్తోందట. పెద్దయ్యేకొద్దీ పోవచ్చు, పోకపోవచ్చు. గురువారం సస్కటూన్‌లో గుండె డాక్టరుకి చూపిస్తాను. ఆయన బాగుందంటే సరే. బాగాలేదంటే అమ్మకం లేదు. నా దగ్గరే ఉంటాడు, లేకపోతే అన్నీ తెలిసి ఉంచుకుంటామన్న ఇంటికి ఊరికే ఇస్తాను. కానీ నా పట్టింపు అదే. ఇంట్లో అందరూ ఊ అనాలి."

పోవచ్చు, పోకపోవచ్చు. ఆసుపత్రిలో నెటీ గదిలో డాక్టరు కూడా సరిగ్గా ఆ మాటలే అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

"వద్దు," అంది లోర్నా.

ఓరెస్ట్ ఆమె వైపు చూశాడు.

"వద్దు నాన్నా. నేను ఊ అనను. ఆ ఆడపిల్లని తీసుకుందాం, నిక్షేపంగా ఉంది. ఇది మాత్రం వద్దు. మళ్ళీ ఒక గుండె చప్పుడు వింటూ రాత్రంతా కుర్చీలో కూర్చుంటావా? నేను నిన్ను అలా ఇంకోసారి చూడలేను."

సిగ్రిడ్ వచ్చి స్వెటర్‌ని ముక్కుతో తోసి, ఆ చేతి పక్కనే చుట్ట చుట్టుకుంది.

ఓరెస్ట్ సీసా జేబులో వేసుకుని లేచాడు. మోకాళ్ళు పటపటమన్నాయి.

"స్వెటర్ తీసుకెళ్ళరా?" అంది వెర్నా.

"వాడు నిద్రపోతున్నాడు. ఉండనివ్వండి."

*

తిరుగుదారిలో డ్యాన్స్ హాలు దగ్గరికొచ్చాక లోర్నా అడిగింది.

"నా మీద కోపమొచ్చిందా?"

"లేదు."

"మరి మాట్లాడవేం?"

ఓరెస్ట్ చెక్కలు కొట్టిన కిటికీల వైపు చూస్తూ ఉండిపోయాడు. "బండి ఆపు," అన్నాడు.

ఆపింది.

"మీ అమ్మకి చిన్నప్పుడు కీళ్ళ జ్వరం వచ్చింది. గుండె అప్పుడే దెబ్బతింది. ఆ సంగతి మీ తాత నాకు చెప్పాడు, పెళ్ళికి ముందే. అదిగో, ఆ మెట్ల మీద నిలబెట్టి. దాచి పిల్లనివ్వను, తెలిసి చేసుకుంటే చేసుకో అన్నాడు."

లోర్నా చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. "నువ్వేమన్నావు?"

"లోపల పోల్కా మొదలైంది. వెళ్ళాలి అన్నాను."

"నాకెందుకు చెప్పలేదు ఇన్నేళ్ళూ? అమ్మైనా చెప్పలేదు."

"చెబితే నువ్వు ఆమెని ఆడనిచ్చేదానివి కాదు."

ఒక లారీ వాళ్ళ పక్కనుంచి వెళ్ళి బండిని ఊపింది. లోర్నా చాలాసేపు ఆ మెట్లని చూసింది. తరవాత గేరు వేసింది. ఇల్లు చేరేదాకా ఆమె ఊ అనలేదు, ఊహూఁ అనలేదు.

ఎండ ఇంకా ఉంది. టిల్లీ వెళ్ళిపోయింది, బల్ల మీద పెరోగీలు గిన్నె బోర్లించి ఉన్నాయి. లోర్నా కోటు కూడా విప్పకుండా వాటి ముందు కూర్చుంది. ఓరెస్ట్ వెనక తలుపు దగ్గర ఆగి, జేబులోంచి సీసా తీసి, మేకు కిందున్న అర మీద పెట్టాడు. సుత్తి తీసుకున్నాడు. మేకుల డబ్బా మాత్రం వంటింటి గడప మీద, లోర్నాకి అందేంత దూరంలో పెట్టి బయటికి నడిచాడు.

కొట్టంలో వెతికి ఒక చెక్క పలక తెచ్చాడు. మెట్ల పక్కన బురదలో మోకాళ్ళూని, పలకని కుక్కపిల్ల దూరే ఆ సందుకి ఆనించాడు. సరిపోయింది. ఒక చేత్తో దాన్ని అదిమిపట్టి, రెండో చెయ్యి వెనక్కి తిప్పకుండానే చాచాడు.

"మేకు," అన్నాడు.

వెనకాల తలుపు కిర్రుమంది. మూసుకున్న చప్పుడు మాత్రం రాలేదు.

ఓరెస్ట్ తల తిప్పలేదు. చాచిన చెయ్యి అలాగే ఉంచాడు.